పెళ్ళికాని అమ్మాయికి ఎండోమెట్రియోసిస్ వస్తే

గైనిక్ డాక్టరు ముందు కూర్చోగానే మొదట అడిగేది వయసు. రెండోది "పెళ్ళయిందా?" అని. దానికి "లేదు" అన్నామంటే ఇరవై రెండేళ్ల అమ్మాయికి అందే వైద్యం అక్కడే దారి మారుతుంది. స్కానింగ్ పొట్ట మీద నుంచే చేస్తారు. లోపలి పరీక్ష ఉండదు. హార్మోను మాత్ర రాయడానికి డాక్టరు వెనకాడతారు, కొనడానికి అమ్మ వెనకాడుతుంది. చివరికి చీటీ మీద ఒక నొప్పి మాత్ర, వెళ్ళేటప్పుడు "పెళ్ళయితే అదే సర్దుకుంటుందిలేమ్మా" అన్న మాట, ఈ రెండే చేతికొస్తాయి.

పెళ్ళితో సర్దుకోదు. పిల్లలు పుట్టినా పోదు. గర్భం దాల్చిన నెలల్లో నెలసరి ఉండదు కాబట్టి కొందరికి నొప్పి తెరిపినిస్తుంది, తర్వాత మళ్ళీ మొదలవ్వచ్చు. గర్భాన్ని చికిత్సగా సూచించకూడదని 2022లో వచ్చిన యూరోపియన్ వైద్య మార్గదర్శకాలు సూటిగానే చెప్పాయి. ఆ ప్రశ్న దగ్గరే చికిత్స ఆగిపోయినవాళ్ళు తర్వాత ఏం అడగాలో, రోజులు ఎలా గడుపుకోవాలో తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. మోతాదులు కూడా రాశాను, డాక్టరుతో మాట్లాడేటప్పుడు అర్థం కావడానికి. వాటిని పట్టుకుని నేరుగా మెడికల్ షాపుకి వెళ్ళడానికి కాదు.

ముందు జబ్బు సంగతి. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. అండాశయాల మీద, గర్భసంచికి వెనక, పేగు మీద, మూత్రాశయం మీద, అరుదుగా కాలేయం పైన, పొట్టకీ ఛాతీకీ మధ్య అడ్డంగా ఉండే కండరం, అంటే డయాఫ్రం మీద కూడా. నెలనెలా హార్మోన్ల ఎగుడుదిగుళ్ళకి ఇదీ స్పందిస్తుంది. చుట్టూ వాపు వస్తుంది, మచ్చ కడుతుంది, విడివిడిగా జారాల్సిన అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్నవాళ్ళలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది. పదిమంది ఉన్న హాస్టల్ గదుల వరుసలో ఒకరికన్నమాట.

మన దగ్గర దీన్ని పీసీఓడీతో కలిపేస్తారు, ఎందుకంటే రెండింటికీ "నీటి బుడగలు" అనే మాటే వాడతాం. పీసీఓడీలో నెలసరి తప్పుతుంది, ఆలస్యమవుతుంది, నొప్పి అంత పెద్ద విషయం కాదు. ఎండోమెట్రియోసిస్‌లో నెలసరి చాలామందికి తేదీకి తేదీ వచ్చేస్తుంది, ప్రాణం తీసేది నొప్పి. అండాశయంలో పాత రక్తం పేరుకుని చిక్కటి గోధుమ రంగు ద్రవంతో నిండితే దాన్ని చాక్లెట్ సిస్ట్ అంటారు. అది నీటి బుడగ కాదు, వ్యాయామం చేసి బరువు తగ్గితే కరిగిపోయేదీ కాదు. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండచ్చు, అది వేరే సంగతి.

ఇంకొకటి, దీనికి నాలుగు స్టేజీలు ఉన్నాయి. స్టేజీ అనగానే ఇంట్లో క్యాన్సర్ అనుకుని బెంబేలెత్తిపోతారు. ఇది క్యాన్సర్ స్టేజీ లాంటిది కాదు. లోపల ఎంత మేర వ్యాపించింది, ఎంత అతుక్కుంది అన్న లెక్క మాత్రమే. ఆ లెక్కకీ నొప్పికీ పొంతన ఉండదు. ఒకటో స్టేజీ అమ్మాయి నెలకి నాలుగు రోజులు మంచం దిగలేకపోవచ్చు, నాలుగో స్టేజీ ఆవిడకి పిల్లలు కలగడం లేదని వెళ్ళినప్పుడే తొలిసారి తెలియచ్చు. "ఒకటో స్టేజే కదా, ఇంత రభస ఎందుకు" అనేవాళ్ళకి ఈ ఒక్క విషయం చెప్తే చాలు.

మామూలు నెలసరి నొప్పి మొదటి ఒకటి రెండు రోజులు ఉండి, మాత్ర వేస్తే చాలావరకు దిగుతుంది. అనుమానించాల్సిన నొప్పి వేరుగా నడుస్తుంది. డేటుకి రెండు మూడు రోజుల ముందే మొదలై, రక్తస్రావం ఆగాక కూడా ఉంటుంది. నెల మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో తిరిగొస్తుంది. నెలసరి రోజుల్లో విరేచనానికి కూర్చుంటే లోపల కోసేసినట్టు ఉంటుంది, మూత్రం పోసేటప్పుడు మంట ఉంటుంది కానీ యూరిన్ కల్చర్‌లో క్రిములేవీ పెరగవు. నడుము నుంచి తొడలోకి గుంజుతుంది. సరిగ్గా నెలసరి రోజుల్లోనే కుడి భుజం నొప్పి పెడితే డయాఫ్రం మీద మచ్చలున్నాయేమో చూడాలి. భుజానికీ నెలసరికీ ఏం సంబంధం అని ఆ మాట డాక్టరుకి చెప్పకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. వీటన్నిటితో పాటు ఒళ్ళు తెలియని నీరసం, ఎంత పడుకున్నా తీరనిది. మన ప్రాంతంలో ఇలాంటి పొత్తికడుపు నొప్పికి గర్భసంచి టీబీ కూడా కారణం కావచ్చు కాబట్టి డాక్టరు ఆ పరీక్ష రాస్తే అనవసరం అనుకోవద్దు.

బయటికి కనపడని నొప్పిని కాగితం మీద పెట్టాలి. ఫోన్‌లో ఆప్ అయినా, పదిరూపాయల నోటుబుక్కయినా సరే, వరసగా మూడు నెలసరులు రాయండి. నొప్పి ఉన్న రోజులే కాదు, లేని రోజులు కూడా. ఒక రోజు రాత ఇలా ఉంటే పనికొస్తుంది: "రెండో రోజు. పొద్దున 5కి నొప్పితో మెలకువ. కుడి పొత్తికడుపు, నడుము, కుడి తొడ. నొప్పి పదికి 8. 5:20కి మెఫెనమిక్ 500. 7 గంటలకల్లా నొప్పి 5కి దిగింది, 11 గంటలకి మళ్ళీ 8. రెండు వాంతులు. విరేచనానికి వెళ్తే కోత. ప్యాడ్లు 6, గడ్డలు పడ్డాయి. కాలేజీ ల్యాబ్ పరీక్షకి వెళ్ళలేదు." ఈ రాతలో అన్నిటికన్నా బరువైన మాట చివరిది. పదికి ఎనిమిది అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. ల్యాబ్ పరీక్ష మానేశాను, నిలబడి అన్నం వార్చలేకపోయాను, మెట్లెక్కలేక కిందే కూర్చున్నాను అంటే అందరికీ ఒకే అర్థం.

కానీ ఓపీలో మూడు నెలల పుస్తకం ఎవరూ చదవరు. దాన్నుంచి ఒక పేజీ తీసి పెట్టుకోండి: నెలకి ఎన్ని రోజులు నొప్పి, ఎన్ని రోజులు కాలేజీ గానీ ఆఫీసు గానీ మానేశారు, ఏ మాత్ర ఏ మోతాదులో ఎన్ని నెలలు వాడితే ఎంత తగ్గింది, విరేచనం మూత్రం దగ్గర ఏమవుతోంది. అయిదో వాక్యం కుటుంబం గురించి. తల్లికో తోబుట్టువుకో ఉంటే ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది. మన ఇళ్ళలో ఆ పేరుతో జబ్బు ఎవరికీ ఉండదు కనుక ప్రశ్న మార్చి అడగాలి: "అమ్మమ్మకి, పిన్నికి గర్భసంచి ఎందుకు తీయించారు?" "భరించలేని నొప్పి అనేదమ్మా, అప్పట్లో తీసేశారు" అన్న జవాబు వస్తే అదీ రాయండి.

ఇక స్కానింగ్. మంచి సమాచారం ఇచ్చేది యోని ద్వారా చేసే స్కానింగ్, అంటే టీవీఎస్. అనుభవం ఉన్నవాళ్ళు చేస్తే గర్భసంచి పేగు మీద జారుతోందా, అతుక్కుపోయిందా అన్నది కూడా అందులో చూస్తారు. పెళ్ళికాని అమ్మాయికి మన దగ్గర ఇది చేయరు, చాలాచోట్ల అడగను కూడా అడగరు. పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్‌లో పెద్ద చాక్లెట్ సిస్ట్ కనిపిస్తుంది. గర్భసంచి వెనక ఉన్న గట్టి మచ్చలు, పేగు మీదివి, తప్పిపోతాయి. పొర మీద చుక్కల్లా ఉండే పైపై మచ్చలైతే దాదాపు ఏ స్కానింగ్‌కీ దొరకవు. అందుకని "స్కానింగ్ నార్మల్" అంటే "జబ్బు లేదు" అని కాదు. "ఈ స్కానింగ్‌కి దొరికేంత జబ్బు కనపడలేదు" అని మాత్రమే.

అప్పుడు అడగాల్సింది పొత్తికడుపు ఎంఆర్ఐ. రాసేటప్పుడు ఊరికే "కడుపునొప్పి" అని కాకుండా "ఎండోమెట్రియోసిస్ అనుమానం, గర్భసంచి వెనక భాగం, పేగు చూడాలి" అని రాయమనండి. ఏం వెతకాలో రేడియాలజిస్టుకి తెలిస్తే చూసే తీరే మారుతుంది. మలద్వారం ద్వారా చేసే స్కానింగ్ ఇంకో దారి, అమ్మాయి ఒప్పుకుంటేనే. అండాశయ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు చేసే సీఏ-125 రక్తపరీక్ష మాత్రం దీన్ని తేల్చడానికి పనికిరాదు. నెలసరి రోజుల్లో అది మామూలుగానే పెరగచ్చు, ఆ అంకె చూసి ఇంటిల్లిపాదీ నిద్ర మానుకోవడం తప్ప ఒరిగేది లేదు.

రిపోర్టు భాష కొంచెం తెలిస్తే మేలు. "లో-లెవెల్ ఎకోస్", "గ్రౌండ్ గ్లాస్" అని ఉంటే చాక్లెట్ సిస్ట్ అనుమానం. అయితే అండం విడుదలైనప్పుడు రక్తం చేరిన మామూలు సిస్టు కూడా ఇలా భ్రమ పెట్టచ్చు. అది కొన్ని వారాల్లో కరిగిపోతుంది, ఇది కరగదు. అందుకే రెండు మూడు నెలలాగి మళ్ళీ స్కాన్ చేయమంటారు. "కిస్సింగ్ ఓవరీస్" అంటే రెండు అండాశయాలూ వెనక ఒకదానికొకటి అతుక్కున్నాయని. పేరు ముద్దుగా ఉంది గానీ విషయం కాదు. "బల్కీ యుటరస్" తో పాటు గర్భసంచి కండరం సమంగా లేదని రాస్తే ఎడినోమయోసిస్, అంటే అదే తరహా కణజాలం గర్భసంచి కండరంలోకే దిగడం.

పాత పద్ధతిలో ల్యాపరోస్కోపీ చేసి, అంటే పొట్ట మీద చిన్న గాటుతో కెమెరా గొట్టం పంపి, కంటితో చూస్తే గానీ జబ్బు ఖాయం కాదనేవారు. ఇప్పుడు మార్గదర్శకాలు మారాయి. లక్షణాలు బట్టి అనుమానం బలంగా ఉంటే, స్కానింగ్‌లో ఏమీ లేకపోయినా మందులు మొదలుపెట్టి చూడచ్చు. "కోసి చూడకుండా ఏమీ చెప్పలేం, పెళ్ళికాని పిల్లని కోయలేం" అన్న చోట చికిత్స ఆగిపోనక్కర్లేదు.

నొప్పి మాత్రల్లో చాలామంది చేసే తప్పు ఒకటే: ఓర్చుకుని, ఓర్చుకుని, ఇక తట్టుకోలేనప్పుడు వేసుకోవడం. గర్భసంచిని బిగదీసి, నరాలను రెచ్చగొట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్ వాటి తయారీని ఆపుతాయి. తయారైపోయి ఒంట్లో ఉన్నవాటిని తుడిచెయ్యలేవు. కాబట్టి డేటు తెలిసినవాళ్ళు ఒకరోజు ముందు నుంచి, లేదా మొదటి గుంజుడుకే మొదలుపెట్టి, రెండు మూడు రోజులు గడియారం ప్రకారం వేసుకోవాలి. మెఫెనమిక్ అయితే 500 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, ఐబుప్రొఫెన్ అయితే 400 ఆరు నుంచి ఎనిమిది గంటలకొకటి. అన్నం తిన్నాక. ఆస్తమా, అల్సరు, మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా ఈ జాతి మాత్రల జోలికి పోకూడదు.

మెఫ్తాల్ స్పాస్ అందరి బ్యాగులోనూ ఉంటుంది. అందులో మెఫెనమిక్ 250 మాత్రమే, దానికి డైసైక్లోమిన్ 10 కలిపి ఉంటుంది. అంటే నొప్పి మందు సగం మోతాదు. "మెఫ్తాల్ నాకు పనిచేయదు" అనే ముందు ఏ మెఫ్తాల్, ఎంత, ఎప్పుడు వేసుకున్నారో చూడాలి. డైసైక్లోమిన్ వల్ల నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, దానితో మళ్ళీ నొప్పి. ఇంకో విషయం, మెఫెనమిక్ వాడేవారిలో అరుదుగా డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, మెడ దగ్గర గ్రంథులు ఉబ్బడం, ఇవి కలిసి వస్తే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

అసలు ప్రమాదం ఎక్కువగా జరిగేది రెండు మాత్రలు కలిపేయడంలో. పొద్దున మెఫ్తాల్, తగ్గలేదని మధ్యాహ్నం కాంబిఫ్లామ్, సాయంత్రం వీధి చివర ఆర్.ఎం.పి. దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్. మూడూ ఒకే జాతి. నొప్పి మూడింతలు తగ్గదు, కడుపులో పుండు, మూత్రపిండాల మీద భారం మాత్రం పెరుగుతాయి, అందులోనూ వాంతులతో ఒంట్లో నీళ్ళు లేని రోజున. కలపాలంటే ఈ జాతిలో ఒకటి, దానికి తోడు పారాసెటమాల్. కాంబిఫ్లామ్‌లో 325 పారాసెటమాల్ ముందే ఉందని కూడా లెక్కలో వేసుకోవాలి. వాంతుల వల్ల మాత్ర నిలవకపోతే మలద్వారంలో పెట్టుకునే డైక్లోఫెనాక్ సపోజిటరీ ఉంది, డాక్టరుని అడిగి రాయించుకోండి. ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందులు కొన్నాళ్ళకి అలవాటుగా మారతాయి, మలబద్ధకం తెస్తాయి, ఈ జబ్బుకి అది రెండు విధాలా నష్టం.

నొప్పి ఏళ్ళ తరబడి ఉంటే నరాలు దానికి అలవాటు పడవు, దాన్ని నేర్చుకుంటాయి. చిన్న కదలికకే పెద్ద కేక పెడతాయి. అలాంటప్పుడు రాత్రిపూట ఎమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదు రాస్తారు. ఇంట్లో ఎవరో దాన్ని గూగుల్ చేసి "ఇది డిప్రెషన్ మాత్రటగా, పిచ్చి అనుకుంటున్నారా" అని గోల చేస్తారు. డిప్రెషన్‌కి వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. ఇక్కడ అది నరాల నొప్పికి. మొదటి వారం పొద్దున లేవడం బరువుగా ఉంటుంది, అందుకని పడుకోవడానికి రెండు గంటల ముందే వేసుకుంటే నయం.

హార్మోను మందుల దగ్గరకొద్దాం, అసలు గొడవంతా ఇక్కడే. జబ్బుని అణచిపెట్టేవి ఇవి. సత్యనారాయణ వ్రతం ఉందని, అక్క పెళ్ళి ఉందని, తిరుపతి టికెట్లు దొరికాయని డేటు వాయిదా వేయడానికి నోరెతిస్టెరోన్ 5 మిల్లీగ్రాముల మాత్ర చీటీ కూడా లేకుండా తెచ్చి ఇచ్చే ఇల్లే, నొప్పి తగ్గడానికి అదే కుటుంబానికి చెందిన డైనోజెస్ట్ రాస్తే "పెళ్ళికాని పిల్లకి హార్మోన్లా?" అంటుంది. దేవుడి కోసం వేసుకుంటే ఏమీ కానిది ఒంటి కోసం వేసుకుంటే ఎలా అవుతుందో నాకింతవరకు అర్థం కాలేదు. అమ్మతో ఈ మాట మొదలుపెట్టాలంటే ఆ వ్రతం మాత్రనే ఉదాహరణగా తీసుకోండి, పని జరుగుతుంది.

డైనోజెస్ట్ రోజుకి 2 మిల్లీగ్రాములు, ఒకే వేళకి, మధ్యలో విరామం లేకుండా. విరామం ఇస్తే రక్తస్రావం వస్తుంది, ఆపాలనుకున్నదే దాన్ని. మొదటి మూడు నెలలు కొద్దికొద్దిగా, వేళాపాళా లేకుండా మరకలు పడతాయి. చాలామంది సరిగ్గా అప్పుడే "నాకు పడలేదు" అని ఆపేస్తారు. మూడు నెలలు దాటనివ్వాలి. వేసుకున్న మూడు నాలుగు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. తలనొప్పి, మొటిమలు రావచ్చు, మనసు దిగులుగా మారచ్చు. దిగులు ఎక్కువైతే మాత్రం మూడు నెలలని కూర్చోకుండా వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఏళ్ళ తరబడి వాడితే ఎముకల సాంద్రత మీద ఒక కన్నేయాలి, ముఖ్యంగా ఇరవై లోపు వయసులో. గర్భనిరోధకంగా దీన్ని నమ్ముకోకూడదు.

గర్భనిరోధక మాత్రల్నే ఇచ్చినా అది నొప్పి చికిత్సే. 21 రోజులు వేసి 7 రోజులు ఆపే పద్ధతి కాకుండా ఆపకుండా వాడమంటే కంగారు పడకండి, లోపల రక్తం పేరుకుపోదు, పొరే పలచగా ఉంటుంది. తలనొప్పికి ముందు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే మైగ్రేన్ ఉన్నా, ఒంట్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, బీపీ ఎక్కువున్నా ఈస్ట్రోజెన్ ఉన్న ఈ మాత్రలు వాడకూడదు. ఇది డాక్టరు అడగకపోతే మీరే చెప్పాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్ళలో హార్మోను మాత్రలు సరిగా పనిచేయవు, అదీ చెప్పాలి. వీటితో కుదరకపోతే గర్భసంచిలో అమర్చే 52 మిల్లీగ్రాముల లెవోనోర్జెస్ట్రెల్ అనే హార్మోనును విడుదల చేసే పరికరం ఉంది. పెళ్ళికాని అమ్మాయికి కూడా పెట్టచ్చు, సాధారణంగా మత్తులో, ల్యాపరోస్కోపీ జరిగేటప్పుడే. నెలకొకసారి ఇచ్చే ల్యూప్రోలైడ్ 3.75 ఇంజెక్షన్ అండాశయాల్ని నిద్రపుచ్చుతుంది. వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకలు బలహీనపడటం వస్తాయి, కాబట్టి తోడుగా చిన్న మోతాదు హార్మోను ఇస్తున్నారా అని అడగండి.

వేణ్ణీళ్ళ బ్యాగు చిన్న విషయంలా కనిపిస్తుంది, తప్పులు మాత్రం చాలా. మరిగే నీళ్ళు పోయకూడదు, దించాక పది నిమిషాలు ఆగాలి. మూడింట రెండు వంతులే నింపి, పైన గాలి నొక్కేసి మూత బిగించాలి. చర్మానికి నేరుగా కాదు, తువ్వాలు చుట్టి, ఒక్కోసారికి 15-20 నిమిషాలు. దాన్ని పెట్టుకుని నిద్రపోతే కాలుతుంది. నెలల తరబడి ఒకేచోట వేడి పెడితే పొట్ట మీద వలలాగా గోధుమ రంగు గీతలు వస్తాయి. అది వేడికి చర్మం దెబ్బతిన్న గుర్తు. వేడి తగ్గించి, చోటు మార్చాలి. రబ్బరు పగుళ్ళిస్తే బ్యాగు పారేయండి. కరెంటుతో వేడెక్కే జెల్ బ్యాగు అయితే ప్లగ్గు తీశాకే ఒంటికి తగలనివ్వాలి.

టెన్స్ అనే చిన్న యంత్రం ఉంటుంది, చర్మం మీద జిల్లుమనిపించే కరెంటుతో నొప్పి కబురును మెదడుకి చేరనీయకుండా అడ్డుకుంటుంది. నెలసరి నొప్పికి 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టి, అతుకులు పొత్తికడుపుకి రెండు పక్కలా గానీ నడుము కింద గానీ అతికించి, అరగంట. జలదరింపు గట్టిగా తెలియాలి, నొప్పి పుట్టకూడదు. జిగురు ఆరిపోయిన అతుకులతో చురుక్కుమంటుంది, అవి మార్చుకోవాలి. గర్భం ఉండే అవకాశం ఉంటే, పేస్‌మేకర్ ఉంటే వద్దు. దుస్తుల కింద కనపడదు, పరీక్ష హాల్లోకి మాత్రం అనుమతి అడిగే తీసుకెళ్ళండి, వైర్లు చూసి ఇన్విజిలేటరు ఏమనుకుంటారో చెప్పలేం.

నొప్పికి ఏళ్ళ తరబడి పొట్ట బిగబట్టి, కాళ్ళు ముడుచుకుని గడిపితే కటి అడుగు కండరాలు, అంటే గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి మోసేవి, పిడికిలిలా బిగుసుకుపోతాయి. అప్పుడు గర్భసంచి శాంతించినా నొప్పి ఆగదు. ఇక్కడ ఆడవాళ్ళ ఆరోగ్యం పేరుతో అందరూ చెప్పే కీగెల్ వ్యాయామం, అంటే ఆ కండరాల్ని బిగించి వదలడం, చేస్తే ఇంకా బిగుస్తుంది. కావాల్సింది వదులు చేయడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టి, నాలుగు లెక్కపెట్టేంతసేపు పొట్ట నిండా గాలి పీల్చాలి, ఆ గాలితో కటి అడుగు కూడా కిందికి జారుతున్నట్టు వదలాలి. ఆరు లెక్కపెడుతూ ఊపిరి విడవాలి. రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. బాలాసనం కూడా పనికొస్తుంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే లోపలి చికిత్స వద్దని చెప్పే హక్కు మీది, పైనుంచి చేసేవి చాలా ఉన్నాయి.

తిండి గురించి క్లుప్తంగా చెప్తాను, దీన్ని నయం చేసే తిండి లేదు కాబట్టి. పొట్ట బెలూన్‌లా ఉబ్బేవాళ్ళు నెలసరి వారంలో ఉల్లి, వెల్లుల్లి, శనగలు, రాజ్మా తగ్గించి చూడచ్చు, తేడా లేకపోతే మళ్ళీ తినండి. విరేచనం సాఫీగా ఉండేలా డేటుకి నాలుగైదు రోజుల ముందు నుంచే బొప్పాయి, జామ, రాత్రి ఇసబ్‌గోల్ ఒక చెంచా పెద్ద గ్లాసు నీళ్ళతో. రక్తస్రావం ఎక్కువుంటే హీమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చేయించండి. ఐరన్ మాత్ర కాఫీ, టీ, పాలతో వేసుకుంటే డబ్బు దండగ, గంటా రెండు గంటలు ఎడం ఉండాలి. రోజూ వేసుకుంటే కడుపులో తిప్పేవాళ్ళు రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని అడగండి, ఒంటికి పట్టడం అలాగే మెరుగు. ఐరన్‌తో మలం నల్లగా రావడం మామూలే. తారులా జిగటగా, ఎప్పుడూ లేని దుర్వాసనతో వస్తే అది నొప్పి మాత్రల వల్ల కడుపులో రక్తం కారుతున్న గుర్తు కావచ్చు. ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ చేసేసి, తర్వాత మూడు రోజులు లేవలేకపోవడం ఈ జబ్బులో అందరికీ తెలిసిన ఉచ్చు. బాగున్న రోజున కూడా సగంలో ఆపాలి, చేయగలిగినా సరే. వంటింట్లో ఎత్తు స్టూలు వేసుకుని కూర్చుని కూరలు తరుక్కోవడం, కుక్కరు బరువు దించే పని ఇంకొకరికి ఇవ్వడం, డేటుకి ముందే ఇడ్లీపిండి, పచ్చళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సిద్ధం చేసుకోవడం. హాస్టల్లో అయితే రూమ్మేట్ ఒక్కరికైనా విషయం, మాత్రలు ఉన్న డబ్బా, ఇంటి నంబరు తెలిసుండాలి. ముట్టు రోజుల్లో వేరే కూర్చోబెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ ఆచారం మాన్పించడం ఒక్కరోజులో కాకపోతే కనీసం చాప బదులు పరుపు, వేణ్ణీళ్ళు, ప్లగ్గు ఉన్న చోటు అడిగి తీసుకోండి.

ఉద్యోగంలో ప్రతి నెలా "జ్వరం", "ఫుడ్ పాయిజన్" అని సెలవు పెడితే మూడో నెలకి అబద్ధమని తెలిసిపోతుంది, తర్వాత నిజం చెప్పినా నమ్మరు. డాక్టరు దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి: దీర్ఘకాలిక జబ్బు, నెలలో ఫలానా రోజులు తీవ్రత, ఇంటి నుంచి పని గానీ కూర్చుని చేసే పని గానీ ఇస్తే పనిచేయగలరు అని. నెలసరి సెలవు బీహార్ ప్రభుత్వ ఉద్యోగినులకి 1992 నుంచే ఉంది, నెలకి రెండు రోజులు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఎండోమెట్రియోసిస్ లేదు, కాబట్టి ఆ దారిన రిజర్వేషన్ గానీ సర్టిఫికెట్ గానీ దొరుకుతుందని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

పెళ్ళిచూపుల సంగతి. ఎండోమెట్రియోసిస్ అంటే పిల్లలు పుట్టరని కాదు, కొందరికి కష్టం కావచ్చు, చాలామందికి మామూలుగానే కలుగుతారు. దాచమని పెద్దవాళ్ళు అంటారు. నా లెక్కలో దాచడం కన్నా ఎప్పుడు, ఎవరు చెప్పాలన్నదే ప్రశ్న. పెద్దల మధ్యవర్తి నోట కాకుండా, మాటలు కాస్త ముందుకెళ్ళాక అమ్మాయే అబ్బాయికి చెప్పాలి. కలయికలో లోతుగా నొప్పి రావడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. పెళ్ళయిన కొత్తలో దాన్ని అయిష్టమని అనుకోకుండా ఉండాలంటే ముందే తెలిసుండాలి.

ఆపరేషన్ ఎప్పుడు అంటే, మందులతో తగ్గనప్పుడు, సిస్టు పెద్దదైనప్పుడు, పేగు గానీ మూత్రనాళం గానీ ఇరుక్కున్నప్పుడు. సర్జన్‌ని అడగాల్సినవి: మచ్చల్ని కోసి తీస్తారా, పైపైన కాల్చేస్తారా? లోతుగా ఉన్నవాటిని కాలిస్తే వేరు మిగిలిపోవచ్చు. తీసిన ముక్కల్ని బయాప్సీకి పంపుతారా? పేగు మీద ఉంటే పేగు సర్జన్ కూడా ఆ రోజు ఉంటారా? వీడియో ఇస్తారా? చాక్లెట్ సిస్ట్ తీసేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న అండాశయం కూడా కొంత పోతుంది, కాబట్టి ముందే అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించి, అవసరమైతే అండాలు దాచుకునే మాట మాట్లాడాలి. ఆపరేషన్ తర్వాత మందు వద్దంటే ఎందుకని అడగండి, హార్మోన్లు కొనసాగిస్తే తిరగబెట్టడం తగ్గుతుంది. రెండు మూడు రోజులు భుజాలు నొప్పెడతాయి, పొట్టలో నింపిన గ్యాసు వల్ల. లేచి నడుస్తుంటే తగ్గుతుంది.

ఇన్సూరెన్స్: 2024 నిబంధనల ప్రకారం ముందు నుంచి ఉన్న జబ్బుకి గరిష్ఠంగా 36 నెలలే ఆగాలి. దాచి పాలసీ తీసుకుంటే క్లెయిము దగ్గర దొరికిపోతారు. ఉద్యోగంలో ఇచ్చే గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఈ నిరీక్షణ ఉండదు, చేరిన వారమే కాగితాలు చదవండి.

గర్భసంచి తీసేయించుకోమని సలహా రావడం మన రెండు రాష్ట్రాల్లో కొత్త కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఎండోమెట్రియోసిస్ గర్భసంచి బయట ఉండే జబ్బు. బయటి మచ్చలు తీయకుండా సంచి ఒక్కటి తీస్తే నెలసరి ఆగుతుంది, నొప్పి ఆగుతుందన్న హామీ లేదు. అండాశయాలు కూడా తీస్తే ముప్పై ఏళ్ళకే మెనోపాజ్, ఎముకలకీ గుండెకీ దెబ్బ, దానికి మళ్ళీ హార్మోన్లు. ఇరవైల్లో ఉన్న అమ్మాయికి ఎవరైనా ఇది మొదటి మాటగా చెప్తే రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అలవాటైన నొప్పే అనుకుని ఇంట్లో ఉండిపోకూడని సందర్భాలున్నాయి. ఒక పక్క ఉన్నట్టుండి మొదలై వాంతులతో నిలువనీయని నొప్పి: అండాశయం మెలిక పడి ఉండచ్చు, గంటలు కూడా లెక్కే. జ్వరంతో కూడిన పొత్తికడుపు నొప్పి. గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు తడవడం. కళ్ళు తిరిగి పడిపోవడం. నెలసరి తప్పి నొప్పి రావడం, ఇక్కడ గర్భపరీక్ష చేయాల్సిందే, పెళ్ళయిందా లేదా అన్నది ఆ పరీక్షకి అవసరం లేదు.

క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకి మీరెవరో తెలియదు. నిలబడి మాట్లాడుతున్నారంటే నొప్పి లేదనుకుంటారు. అందుకని బ్యాగులో ఒక కాగితం మడిచి పెట్టుకోండి, దాని ఫొటో ఫోన్లో కూడా: జబ్బు పేరు, సిస్టు ఏ పక్క ఎంత సైజు, రోజూ వేసుకునే హార్మోను, ఈ రోజు ఏ నొప్పి మాత్ర ఎన్ని గంటలకి వేసుకున్నారో రాసుకోవడానికి ఖాళీ గీత, ఏ మందు పడదు, బ్లడ్ గ్రూపు, చివరి నెలసరి తేదీ, ఇంటి నంబరు. కింద ఒక వాక్యం, పెద్ద అక్షరాలతో: "ఇది నాకు మామూలుగా వచ్చే నొప్పి కాదు."